ఏకధాటిగానా, ఏకధారగానా?

ప్రశ్న, తిరుపతి నుంచి:
పెద్దలకు నమస్కారం. మూత్రంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ సెప్సిస్‌గా (ఒంట్లోని అవయవాలనే దెబ్బతీసే ప్రాణాపాయ స్థితిగా) ముదిరి మా అమ్మ ఐసీయూలో ఉన్నప్పుడు, సిస్టర్ సిరంజి పంపు సరిచేస్తూ "ఈ మెరోపెనెమ్ ఏకధా...గా మూడు గంటలు పోవాల" అన్నారు. మెరోపెనెమ్ అంటే క్రిములను అణచే యాంటీబయాటిక్ మందు. సిస్టర్ అన్న మాటలో నడిమి అక్షరం నాకు సరిగా గుర్తు లేదు. నా నోటుపుస్తకంలో 'ఏకధాటిగా' అని ఉంది. కోలుకున్న అమ్మ మాత్రం 'ఏకధారగా' అనే విన్నానంటున్నది.

తెలుగు పండితులు, చిత్తూరు:
వాడుకలో నిలిచినది 'ఏకధాటి'యే. కాని 'ధాటి' అంటే దండెత్తి విరుచుకుపడటం. 'ధాటిగా మాట్లాడాడు' అన్నప్పుడు ఆ ఊపు నేటికీ వినిపిస్తుంది. శివాలయంలో లింగంపైన వేలాడే ధారాపాత్రను చూసినవారెవరూ, నెమ్మదిగా దిగే మందును ధాటి అనరు.

ఫార్మసిస్టు, తిరుపతి:
అయ్యా, మందును బట్టి మాట మారాలని నా మనవి. అమికాసిన్ అనే మరో యాంటీబయాటిక్ పనితనం రక్తంలో దాని మోతాదు ఎంత ఎత్తుకు లేచిందన్నదాన్ని బట్టి ఉంటుంది కనుక దానికి ధాటి తగును. మెరోపెనెమ్, పిపరాసిల్లిన్ వంటి యాంటీబయాటిక్‌లు క్రిములను అణచడానికి కావలసిన మట్టానికి పైన ఎంతసేపు నిలిచాయన్నదే లెక్క; అరగంటలో ఎక్కించేస్తే, మూత్రపిండాలు బాగున్నవారిలో సుమారు గంటకొకసారి సగానికి సగం తగ్గిపోతాయి. అందుకే 2021 నాటి అంతర్జాతీయ సెప్సిస్ మార్గదర్శకాలు మొదటి మోతాదును వేగంగా ఇచ్చి, తరువాతివి సాగదీసి ఇమ్మని సూచించాయి. మొదట ధాటి, పిమ్మట ధార అన్నమాట.

తెలుగు పండితులు, చిత్తూరు:
బాగుంది. అయితే అవధానంలో ధారను కూడా తలచుకోవాలి. తిరుపతి వేంకట కవులు (మన ఊరు కాదు, దివాకర్ల తిరుపతిశాస్త్రి గారి పేరు) పృచ్ఛకునికొక పాదం చొప్పున చెప్పుకుంటూ పోయి, చివర పద్యాలన్నిటినీ అప్పగించేవారు. నడుమ ఎన్ని అంతరాయాలు వచ్చినా వారి ధార చెడలేదు. కాబట్టి తెంపు లేకపోవడం ధారకు ప్రాణం కాదేమో!

ఐసీయూ నర్సు, చిత్తూరు:
నాకు పేచీ 'ఏక' దగ్గర. ఎనిమిది గంటలకొక మోతాదును మూడు గంటలు ఎక్కిస్తే మిగిలిన ఐదు గంటలు పంపు ఆగే ఉంటుంది. రోజంతా ఆగకుండా ఇచ్చేదే ఏకధార. 2024లో వెలువడిన బ్లింగ్ 3 అనే వైద్య పరిశోధనలో సుమారు 7,000 మంది రోగులపై ఆ పద్ధతిని అరగంట పద్ధతితో పోల్చగా, 90 రోజులలోపు మరణాలు వరుసగా 24.9 శాతం, 26.8 శాతంగా తేలాయి. ఆ తేడాను గణాంకపరంగా ఖాయమనలేమన్నారు. పైగా కలిపిన మెరోపెనెమ్ మన ఎండవేడికి ఎక్కువసేపు నిలవదు, మళ్ళీ మళ్ళీ కొత్తగా కలపాలి.

ప్రశ్న అడిగినవారు:
అమ్మను మళ్ళీ అడిగాను. ఆ సిస్టర్ మన పల్లెల్లో లాగా వత్తు లేకుండా 'దా' అనే పలికారట. అలాగైతే అది 'ఏక దారిగా' కూడా కావచ్చు గదా? అమ్మ చేతికి రెండు సూదులు ఉండేవి. ఆ మూడు గంటలూ ఒకదానిలో ఇంకే మందూ వేయనివ్వలేదు.

ఐసీయూ నర్సు, చిత్తూరు:
అవునమ్మా, ఆ లైనులో వేరే మందు కలపనివ్వం. నేనైనా అలాగే చెప్పి ఉంటాను.

తెలుగు పండితులు, చిత్తూరు:
'దారిగా' అన్న ప్రయోగానికి ముందు ఆధారం చూపండి.