విశ్వాసానికి తొలి అడుగు ఎవరిది?

బెరయవాసి:
ఉజ్జీవ కూడికల్లో చివరి పిలుపు ఇచ్చేటప్పుడు చాలామంది బోధకులు "దేవుడు తాను చేయాల్సిందంతా చేశాడు, ఇక మిగిలింది నీ నిర్ణయమే" అంటారు. ఈ మాట తప్పని నా వాదన. ఇది సంఘం ఎప్పుడో తేల్చిన విషయం. క్రీ.శ. 529లో ఇప్పటి దక్షిణ ఫ్రాన్స్‌లోని ఓరాంజ్‌లో, ఆర్ల్ బిషప్ సిజేరియస్ ఆధ్వర్యంలో జరిగిన సభ 25 తీర్మానాలు చేసింది. ఐదోది సూటిగా దీని గురించే. విశ్వాసం పెరగడమే కాదు, మొదలవడమూ, అసలు నమ్మాలన్న కోరిక పుట్టడమూ కృప వరమే. అది మనలో స్వతహాగా ఉందనేవాడు అపొస్తలుల బోధకు ఎదురు నిలిచినట్టే. ఆధారంగా ఫిలిప్పీ 1:6, 1:29, ఎఫెసీ 2:8 చూపారు.

ఏటిగట్టు:
బెరయవాసి గారూ, ఆ సభ ఎవరికి జవాబిచ్చిందో కూడా చెప్పాలి కదండీ. మార్సేలో మఠాలు నడిపిన జాన్ కాసియన్, కృప సాయం లేకుండానే మనిషి మంచి చేయగలడన్న పెలాగియస్‌కు శిష్యుడు కాడు. కృప అక్కర్లేదని ఆయన ఎన్నడూ అనలేదు. ఆయన అడిగింది ఇదీ: ఆరంభం ఎప్పుడూ మనదే అంటే, హింసిస్తూ తిరిగిన పౌలు, సుంకపు మెట్టు దగ్గర కూర్చున్న మత్తయి సంగతేమిటి? ఎప్పుడూ దేవుడిదే అంటే, జక్కయ్య, సిలువ మీది దొంగ సంగతేమిటి? లూకా 19 తీయండి. నాలుగో వచనంలో జక్కయ్య యేసును చూడాలని మేడిచెట్టు ఎక్కాడు. యేసు పిలిచింది ఐదో వచనంలో.

బెరయవాసి:
సరిగ్గా ఆ పేర్లకే ఓరాంజ్ జవాబిచ్చింది. దొంగ, జక్కయ్య, వాళ్లతోపాటు రోమా శతాధిపతి కొర్నేలీ, ఈ ముగ్గురినీ పేరుపేరునా ఎత్తి, వాళ్ల విశ్వాసం స్వభావసిద్ధం కాదు, దేవుడిచ్చిందే అని తేల్చింది. చెట్టెక్కడం కంటికి కనబడుతుంది. చూడాలన్న ఆశ ఎక్కడినుంచి వచ్చిందన్నదే ప్రశ్న. పౌలు బోధ విన్న లూదియ అనే స్త్రీ విషయంలో అపొస్తలుల కార్యములు 16:14 ఆ తెర కాస్త తొలగిస్తుంది: "ప్రభువు ఆమె హృదయము తెరచెను". ఆమె పౌలు మాట మీద మనసు పెట్టింది ఆ తర్వాతే.

సరళమార్గం:
అంతవరకు మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ అనుచరులమైన మాకూ అభ్యంతరం లేదండి. కృపే ముందు వస్తుంది. కానీ అది అందరి దగ్గరికీ వస్తుంది, కట్లుపడ్డ చిత్తాన్ని విడిపిస్తుంది. ఆ తర్వాత మనిషి దాన్ని కాదనగలడు. 1610లో డచ్ వేదాంతి అర్మీనియస్ అనుచరులు రాసిన ఐదు అంశాల్లో మూడోది, మనిషికి తనంతట తనకు రక్షించే విశ్వాసం లేదనే చెబుతుంది. నాలుగోది, కృపను ఎదిరించవచ్చంటుంది. మమ్మల్ని పెలాగియస్ గాటన కట్టేవాళ్లు ఆ రెండూ చదవాలి. ఓరాంజ్ కూడా కృపను ఎదిరించలేమని చెప్పలేదు. పైగా దేవుడే కొందరిని చెడుకు నిర్ణయించాడనేవాళ్లను గట్టిగా శపించింది.

బెరయవాసి:
నిజమే, ఓరాంజ్‌ను, కృపను ఎదిరించలేమనే కాల్వినిస్టులు మొత్తంగా సొంతం చేసుకోలేరు. అలాగే అర్మీనియస్ అనుచరులకు జవాబుగా వాళ్లు నెదర్లాండ్స్‌లో జరిపిన డార్ట్ సభ (1618–19) మనిషిని కీలుబొమ్మను చేసిందనడం కూడా అన్యాయం. కృప మనుషుల్ని మొద్దుల్లా, దిమ్మల్లా చూడదనీ, చిత్తాన్ని తీసేయక దాన్నే బ్రతికించి, బాగుచేసి, వంచుతుందనీ అక్కడ స్పష్టంగా రాశారు.

గుంటూరు లూథరన్:
వాదం సరే, కూడికలో జరిగే నష్టం చూడండి. చెయ్యెత్తినవాడికి "నువ్వు నిర్ణయించుకున్నావు కాబట్టి రక్షణ పొందావు" అని చెప్పి పంపిస్తారు. కొన్నాళ్లకు ఏదో పాపంలో పడతాడు. అప్పుడు వాడు అనుమానించేది క్రీస్తును కాదు, తన నిర్ణయాన్ని. మనస్ఫూర్తిగా చెయ్యెత్తానా అని మళ్లీ వచ్చే కూడికలో ఎత్తుతాడు, ఆపై ఏడూ అంతే. రక్షణకు దేవుడే ముందుగా ఎన్నుకుంటాడన్న ఎన్నిక గురించి అరకొరగా బోధించేచోట ఇంకో జబ్బు: "నేను ఎన్నికలో ఉన్నానో లేనో" అని దిగులుతో మంచం పడతారు. రెండు చోట్లా మనిషి చూపు తనలోకే తిరిగింది. లూథర్ 1529 నాటి చిన్న ప్రశ్నోత్తరి, నా సొంత బుద్ధితో గాని బలంతో గాని క్రీస్తును నమ్మలేను, పరిశుద్ధాత్మే సువార్త ద్వారా నన్ను పిలిచాడు అని ఒప్పుకోమంటుంది. కాబట్టి పిలుపుకు ముందు సిలువను పూర్తిగా ప్రకటించాలి, హృదయాలు తెరవమని ప్రభువును అడగాలి, ఆ తర్వాతే రమ్మనాలి. వచ్చినవాడికి వాడి నిర్ణయాన్ని కాదు, బాప్తిస్మంలోని వాగ్దానాన్ని, ప్రభు భోజనపు రొట్టె ద్రాక్షారసాన్ని చూపించాలి.

ఏటిగట్టు:
ఆ క్రమం నాకు నచ్చింది. కానీ కొర్నేలీ నాకింకా తేలలేదు. పేతురు రాకముందే, సువార్త వినకముందే అతని ప్రార్థనలు దేవుని సన్నిధికి చేరాయని దూత చెప్పాడు. పరిశుద్ధాత్మ పిలిచేది సువార్త ద్వారా అయితే, ఆ ప్రార్థనలు పుట్టించిన కృప ఏ దారిన వచ్చింది? లూథరన్ గారే చెప్పాలి.