ఎం.ఏ. సైకాలజీ చదివినవాళ్లు బోర్డు మీద ఏమని రాసుకోవాలి?

గుంటూరు_పల్లవి: మా చెల్లి దూరవిద్యలో ఎం.ఏ. సైకాలజీ, ఆపైన ఆరు నెలల కౌన్సెలింగ్ డిప్లొమా చేసింది. సెంటర్ పెట్టి "క్లినికల్ సైకాలజిస్ట్" అని బోర్డు కట్టొచ్చా?

మనోబలం: కుదరదండీ. ఆ పేరుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, రిజిస్టర్‌లో నమోదు ఉండాలి. ఇన్నాళ్లూ దానికి ప్రధానమైన దారి రెండేళ్ల ఎం.ఫిల్. క్లినికల్ సైకాలజీ. రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీస్ చేస్తే 1992 నాటి ఆర్‌సీఐ చట్టం 13వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జరిమానా చిన్నదే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. "కౌన్సెలర్, ఎం.ఏ. సైకాలజీ" అని ఉన్నది ఉన్నట్టు రాయమనండి. డిప్లొమా సర్టిఫికెట్ మీద ఎన్ని ముద్రలున్నా అది లైసెన్సు కాదు.

రిజిస్టర్_చూడండి: ఇంకా చదవాలనుకుంటే ఒక్క జాగ్రత్త. కోర్సు పేరులో "క్లినికల్" ఉన్నంత మాత్రాన ఆర్‌సీఐ నమోదు రాదు. ఆర్‌సీఐ అనుమతి ఫలానా కాలేజీకి, ఫలానా కోర్సుకి, ఫలానా విద్యాసంవత్సరాలకి ఇస్తుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే: కాలేజీకి అనుమతి ఒకప్పుడు ఉండేది, వీళ్లు చేరిన ఏడాదికి లేదు. ఫీజు కట్టకముందే అనుమతి ఉత్తర్వు అడిగి తీసుకుని, అందులో మీ బ్యాచ్ సంవత్సరం ఉందో లేదో చూసుకోండి. ఎం.ఫిల్.ను యూజీసీ ఆపేసినా, క్లినికల్ సైకాలజీ ప్రవేశాలకు 2025-26 దాకా గడువిచ్చింది. కాబట్టి పాత సలహాలు నమ్మకుండా ఆర్‌సీఐ తాజా జాబితానే చూడండి.

మనోబలం: అవును. 2021లో వచ్చిన అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం కూడా తెలుసుకోవాలి. ఆర్‌సీఐ కిందకి రాని సైకాలజిస్టులు, కొన్ని రకాల కౌన్సెలర్లు దాని షెడ్యూల్లో ఉన్నారు. నమోదు రాష్ట్ర మండళ్ల ద్వారా. అందులో హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనాలంటే మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3,600 గంటల డిగ్రీ చదువుండాలి. ఆరు నెలల డిప్లొమా ఎక్కడికి సరిపోతుంది? చెల్లిగారిని చదువు గంటలు, ప్రాక్టికల్స్ వివరాలు విశ్వవిద్యాలయం నుంచి రాతపూర్వకంగా తీసుకుని దాచుకోమనండి.

నీలిమేఘం: సెంటర్‌లో పని గురించి: మందుల పేర్లు చెప్పకూడదు, వైకల్య ధ్రువపత్రాలు ఇవ్వకూడదు. లేని గొంతులు వినిపిస్తున్నాయన్నా, వారాల తరబడి నిద్ర లేకపోయినా సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలి. చనిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే ఒంటరిగా పంపొద్దు. ఇంటివాళ్లని పిలిపించి, దగ్గర్లోని ఆసుపత్రికి చేర్చాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 గోడ మీద పెద్దక్షరాలతో ఉండాలి. ఇలా ప్రాణాపాయం ఉన్న సందర్భంలో గోప్యతకు మినహాయింపు ఉంటుందని మొదటి సెషన్‌లోనే చెప్పి, సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోమనండి.