మెల్‌బోర్న్‌కి కొత్త: ఎంపీసీ చదివిన అమ్మాయి బీఏ అంటోంది, చేర్పించమంటారా?

మద్దిలపాలెం నుంచి కొత్తగా వచ్చాం:
అందరికీ నమస్కారం. జనవరిలో పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ) మీద వచ్చాం. పాప కూడా మాతో వచ్చి, ఎంట్రీ వేయించుకుని, ఇంటర్ పూర్తి చేయడానికి వెనక్కి వెళ్లింది. మద్దిలపాలెంలో అమ్మమ్మ దగ్గరుంది. ఎంపీసీలో మంచి మార్కులే వచ్చాయి. ఇప్పుడేమో ఎంసెట్ రాయనని భీష్మించుకుని కూర్చుంది. హిస్టరీ, ఇంగ్లీష్ చదువుతుందట. మావారికి నిద్ర లేదు, నాకు టెన్షన్. అసలు బీఏ చేయించవచ్చా? చేయిస్తే వైజాగ్‌లోనా, ఇక్కడా? ఇక్కడి ఒక్క సెమిస్టర్ డబ్బుతో అక్కడ డిగ్రీ మొత్తం అయిపోతుంది కదా.

ఉక్కునగరం:
నర్సింగో ఐటీయో చేయించండి అక్కా. బీఏ చదవడానికా సముద్రాలు దాటి వచ్చింది?

చినవాల్తేరు అక్క:
తమ్ముడూ, నీ పీఆర్‌కి సీసీఎల్ అనే అనువాద పరీక్షలో అయిదు పాయింట్లు ఇచ్చింది తెలుగు. భాష చదివితే ఏమొస్తుందని నువ్వు మాత్రం అడగకు. మన ఆంధ్రా యూనివర్సిటీకి మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి, కవీ విమర్శకుడూ. ఆయన తర్వాత వచ్చిన రాధాకృష్ణన్ గారిది ఫిలాసఫీ. ఆ క్యాంపస్ గోడ పక్కనే పెరిగి, బీఏ అనగానే మొహం చిట్లిస్తాం మనం.

అమ్మా, నేనూ బీఏనే. ఎంసెట్‌లో ర్యాంకు రాక చేరాను, ఇష్టంతో కాదు. అందుకే చెప్తున్నా, ముందు పాపని ఒక్కటే అడగండి: లెక్కలు వద్దని బీఏ అంటోందా, హిస్టరీ కావాలని అంటోందా? మొదటిదైతే ఒక ఏడాది ఆగండి. ఏం చదవాలో తెలియక చేరడానికి ఇది చాలా ఖరీదైన కోర్సు.

ఖరీదు సంగతి ఇక్కడ చాలామందికి తెలియదు. పీఆర్ వాళ్లకి ప్రభుత్వం కొంత భరించే సీటు ఇస్తారు గానీ హెక్స్ అప్పు (ఫీజు కోసం ప్రభుత్వం ఇచ్చే రుణం) ఇవ్వరు, అది సిటిజన్లకి. మన వాటా ప్రతి సెమిస్టర్‌కీ ముందే కట్టాలి. ఆ వాటా డిగ్రీ పేరుని బట్టి కాదు, చదివే ఒక్కో యూనిట్‌ని, అంటే ఒక్కో పేపర్‌ని బట్టి ఉంటుంది. 2021లో ఇక్కడి ప్రభుత్వం హిస్టరీ, సోషియాలజీ లాంటి వాటి ఫీజు ఏడాదికి 14,500 డాలర్లకి పెంచేసింది, రెట్టింపు కన్నా ఎక్కువ. ఇంగ్లీష్‌నీ, విదేశీ భాషల్నీ మాత్రం 3,950కి తగ్గించింది. 2025లో అవి 16,992, 4,627. ఏడాదికి ఎనిమిది యూనిట్లు కాబట్టి హిస్టరీ యూనిట్ ఒకటి 2,124 డాలర్లు, ఇంగ్లీష్ యూనిట్ 578.

లెక్క వేసి చూడండి. మూడేళ్లలో 24 యూనిట్లు. అన్నీ హిస్టరీ బాపతు అయితే దగ్గర దగ్గర 51,000. అదే ఇంగ్లీష్ ఎనిమిది, ఏదైనా భాష ఆరు పెట్టుకుని మిగిలిన పది హిస్టరీ తీసుకుంటే 29,300 చిల్లర. డిగ్రీ అదే, పట్టా అదే. ఏ యూనిట్ ఏ ఫీజు బ్యాండ్‌లో (ఫీజు తరగతిలో) ఉందో యూనివర్సిటీ వెబ్‌సైట్లో చూసుకోవచ్చు. మా అమ్మాయి చేరినప్పుడు నాకిది ఎవరూ చెప్పలేదు. కౌన్సిలర్ అన్నాయన రంగుల బ్రోషర్ చేతిలో పెట్టి పంపేశాడు.

మద్దిలపాలెం నుంచి కొత్తగా వచ్చాం:
అక్కా, చాలా థ్యాంక్స్. మావారు పోనీ కామర్స్ చేయిద్దాం, అదైనా నయం అంటున్నారు.

చినవాల్తేరు అక్క:
కామర్స్, ఎకనామిక్స్, లా కూడా హిస్టరీ ఉన్న ఆ ఖరీదైన బ్యాండే అని చెప్పండి అన్నయ్యగారికి. డబ్బు కోసమే అయితే కామర్స్ వైపు మళ్లించి లాభం లేదు.

ఇక వైజాగ్‌లో చేయించాలా అని అడిగారు. చవకే. 2023లో అక్కడ సింగిల్ మేజర్ తెచ్చారు, అంటే మా రోజుల్లోలా మూడు సబ్జెక్టులూ సమానంగా చదవడం కాదు, ఒకదాని మీదే నిలబడటం. కానీ మీరు చూసుకోవాల్సింది ఫీజు ఒక్కటే కాదు. సిటిజన్‌షిప్‌కి నాలుగేళ్లు ఇక్కడ ఉండాలి, అందులో బయట గడిపేది మొత్తం ఏడాది దాటకూడదు. పాపకి పదహారు దాటాయి కనుక మీ దరఖాస్తులో ఆమెని కలపరు, తన లెక్క తనదే. అక్కడ మూడేళ్లు చదివితే ఆ గడియారం ఇక్కడ మొదలే కాదు. తర్వాత మాస్టర్స్‌కి వస్తే చాలా కోర్సులకి పూర్తి ఫీజు, అప్పు దొరకదు. టీచర్ అవుదామన్నా, బీఏ మీద మాస్టర్ ఆఫ్ టీచింగ్ చేశాక రిజిస్ట్రేషన్‌కి ఐఈఎల్‌టీఎస్‌లో స్పీకింగ్, లిజనింగ్ ఎనిమిదేసి అడుగుతారు. ఇక్కడే నాలుగేళ్లు చదివినవాళ్లకి ఆ బాధ లేదు.

ఇక్కడే బీఏ చేసినదాన్ని:
ఆంటీ, మా అమ్మావాళ్లది గోపాలపట్నం. నేను సోషియాలజీ చేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్తా. డిగ్రీ అయ్యాక పదకొండు నెలలు సూపర్‌మార్కెట్ కౌంటర్లో బిల్లులు కొట్టాను. సబ్జెక్టు నచ్చక కాదు. మూడేళ్లలో ఒక్క ఇంటర్న్‌షిప్ యూనిట్ కూడా తీసుకోలేదు, ఎక్కడా వాలంటీర్‌గా కూడా చేయలేదు. ఎస్సేలకి మంచి మార్కులు వస్తున్నాయి కదా అని లైబ్రరీలో కూర్చున్నాను. ఇప్పుడు కౌన్సిల్‌లో (మన మున్సిపాలిటీ లాంటిది) కొత్తగా వచ్చిన కుటుంబాల కార్యక్రమాలు చూస్తాను, నేను చదివిందే రోజూ పనికొస్తోంది. చెల్లిని రెండో ఏడాదిలోనే ప్లేస్‌మెంట్ (చదువులో భాగంగా బయట పనిచేయడం) ఉన్న యూనిట్ పట్టుకోమనండి.

ఇంకోటి, సెన్సస్ డేట్ అని ఉంటుంది. ఆ తేదీకి ముందు యూనిట్ వదిలేస్తే ఫీజు పడదు. మొదటి సెమిస్టర్లో ఒక హిస్టరీ, ఒక లాంగ్వేజ్ రుచి చూసి, నచ్చనిది ఆలోపు మానేయొచ్చు. నాకు ఫిలాసఫీ రెండో వారంలోనే అర్థమైపోయింది, మనది కాదని.

ఉక్కునగరం:
సరే, నేను వెనక్కి తీసుకుంటున్నా. మా వాడికి కూడా ఈ బ్యాండ్ల సంగతి చూడాలి.

మద్దిలపాలెం నుంచి కొత్తగా వచ్చాం:
నిన్న రాత్రి పాపతో వీడియో కాల్‌లో రెండు గంటలు కూర్చున్నాం. లెక్కలంటే భయమా అని మావారు అడిగితే "మార్కులు చూశావు కదా నాన్నా" అంది. ఆయనకి మాట రాలేదు. టీచర్ మాత్రం అవ్వదట, అది ఖాయంగా చెప్పింది. యూనిట్ల జాబితా తనే దింపుకుని ఇంగ్లీష్ మేజర్, జపనీస్ మైనర్, మిగతా హిస్టరీ అని టిక్కులు పెట్టింది. ఫిబ్రవరి ఇన్‌టేక్‌కి చూస్తాం, కానీ జూలైలోనే రప్పించేస్తున్నాం, అక్క చెప్పిన గడియారం కోసం. అక్కడి డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్లు, ఓఏఎండీసీలో ఆప్షన్లు కూడా పెట్టించాం, సీటు ఇక్కడ రాకపోతే అని.

చినవాల్తేరు అక్క:
మంచిది. టెన్త్, ఇంటర్ మెమోలు, టీసీ ఒరిజినల్స్ చేతి బ్యాగులో పెట్టుకోమనండి, సూట్‌కేసులో కాదు. వాటికి లామినేషన్ చేయించొద్దని అమ్మమ్మగారికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి.