చెక్క పడవ అడుగుకు ఎపాక్సీ పూయాలా, గుగ్గిలమే ఉంచాలా?

నేరేడుగొమ్ము పోరడు:
అన్నలకు, అక్కలకు నమస్తే. మా బాబాయిది చెక్క పడవ. సాగర్ బ్యాక్‌వాటర్‌లో వలలు వేస్తాడు. నీళ్లు వెనక్కి పోయాక పడవను ఒడ్డు మీద బోర్లించి పెట్టాం. ఎండకు అడుగు పలకలు ముడుచుకుని వాటి మధ్య గోరు దూరేంత సందులు పడ్డాయి. హైదరాబాద్‌లో రెజిన్ అమ్మే దుకాణంలో అడిగితే, సందులన్నీ ఎపాక్సీ (రెజిన్‌లో హార్డెనర్ కలిపితే గట్టిపడే జిగురు) ముద్దతో పూడ్చి, అడుగంతా గాజుబట్ట (ఫైబర్‌గ్లాస్ బట్ట) పరిచి, పైన ఎపాక్సీ పూస్తే మళ్లీ రిపేరే ఉండదన్నారు. పడవ చేసిన పెద్దాయన మాత్రం సందుల్లో నూలు కూరి, పైన గుగ్గిలం (చెట్టు బంక) పెట్టమంటున్నాడు. ఎపాక్సీ పేరెత్తితే కోపానికొస్తున్నాడు. వరద వచ్చేలోపు ఏదో ఒకటి తేల్చాలి. ఏం చేయమంటారు?

పాలమూరు చెక్కపని:
తమ్మీ, ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఎపాక్సీ వెయ్. నేను వేప, తుమ్మ దిమ్మెలతో టేబుళ్లు చేస్తాను. దిమ్మెలో ఎంత పెద్ద పగులున్నా రెజిన్ పోస్తే చెక్కతో కలిసిపోతుంది. తర్వాత సుత్తితో కొడితే చెక్క విరుగుతుంది కానీ అతుకు ఊడదు. గుగ్గిలం ఏటేటా పెట్టాలి, డాంబరు ఏటేటా కాచాలి. కాచేటప్పుడు మీద పడి చేతులు కాలినవాళ్లు ఎందరో ఉన్నారు. ఒక్కసారి ఖర్చు పెట్టుకుంటే పోతుంది కదా.

సోమశిల ఒడ్డు:
ఖర్చు అని అంత తేలిగ్గా అనకండి అన్నా. డాంబరుకు అయ్యేదానికి ఎపాక్సీ ఎన్ని రెట్లో మీకు తెలియనిది కాదు. చేపలు పట్టేవాళ్లకు ఆ డబ్బు ఒక వల కొనే డబ్బు. పైగా గుగ్గిలం అయితే మనిషి తన చేత్తో తాను సాయంత్రానికి బాగుచేసుకుంటాడు. మా దగ్గర పుట్టి సంగతే తీసుకోండి. వెదురు బద్దలు అల్లి, పైన పట్టా కప్పి, డాంబరు పూస్తాం. పుట్టి ఎప్పుడూ వంగుతూ ఉంటుంది, దానితో పాటు డాంబరూ వంగుతుంది. దాని మీద ఎపాక్సీ పూస్తే మొదటి రాయి తగలగానే గాజులా పగులుతుంది.

దేవరకొండ వడ్రంగి:
తమ్మీ, పెద్దాయన మాట విను. ఆయన కారణం చెప్పకపోయి ఉండొచ్చు. నాకు తెలిసినంత నేను చెబుతాను.

ఎపాక్సీ గట్టిదా కాదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. అది గట్టిది, అందులో ఎవరికీ అనుమానం లేదు. మీ పడవ చెక్క కదులుతుందా, కదలదా అన్నదే అసలు ప్రశ్న. పలక పొడవులో దాదాపు కదలదు. వెడల్పులో మాత్రం నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. పడవ చేసేవాళ్లు ఆ ఉబ్బును లెక్కలోకి తీసుకునే పలకలు కూర్చుతారు. ఎండకాలం సందులు పడతాయి, నీళ్లలో దించాక పలకలు ఉబ్బి ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, ఊట ఆగిపోతుంది. నూలు, గుగ్గిలం మెత్తగా ఉంటాయి కాబట్టి ఆ నొక్కుడుకు నలిగి సర్దుకుంటాయి.

ఇప్పుడు ఆ సందులో ఎపాక్సీ ముద్ద పెట్టారనుకోండి. మే నెలలో పలక బాగా ఎండి, సందు బాగా తెరుచుకుని ఉన్నప్పుడు పెడతారు. అది రాయిలా గట్టిపడుతుంది. ఆగస్టులో పడవ దించుతారు. పలక ఉబ్బడానికి చోటు కావాలి, ఆ చోటులో రాయి ఉంది. అప్పుడు పలక లోపలి వంపు కర్రలను తోస్తుంది, మేకులను పెరుకుతుంది. ఇలా చేసిన ఒక పడవను నేను విప్పాను. ఎపాక్సీ పెట్టిన సందు చెక్కు చెదరలేదు. దాని పక్కన పలక నిలువునా చీలింది. మేకు తలలు వేలికి తగిలేంత పైకి లేచాయి. లోపల రెండు వంపు కర్రలు మేకు రంధ్రాల దగ్గరే విరిగాయి. అంటే జిగురు గెలిచింది, పడవ ఓడింది.

గాజుబట్ట సంగతి ఇంకోటి. బయట నుంచి మూసేస్తారు, బాగానే ఉంది. లోపల వాన నీళ్లు, వలల నుంచి కారే నీళ్లు పలకల్లోకి దిగుతూనే ఉంటాయి కదా? ఆ తడి బయటికి పోయే దారి మూసేశారు. చెక్క లోలోపలే కుళ్లుతుంది. పైకి నున్నగా మెరుస్తూ ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు.

కోస్తాలో చెక్క పడవల మీద ఫైబర్ వేస్తారు కదా, మనకేం తక్కువ అని కొందరు అడుగుతారు. ఇక్కడ సాగర్ ఒడ్డునే ఉన్న వైజాగ్ కాలనీ వైపు కూడా ఈ మాట విన్నాను. సముద్రంలో చెక్కను తొలిచే పురుగు ఉంటుంది, దానికి అడ్డుగా అక్కడ ఆ తొడుగు పనికొస్తుంది. కృష్ణ నీళ్లలో ఆ పురుగు లేదు. పైగా ఉప్పు చెక్కను కుళ్లకుండా కొంత ఆపుతుంది, మంచినీళ్లలో ఆ రక్షణా లేదు. సముద్రంలో మేలు చేసిన పనే సాగర్‌లో కీడు చేయొచ్చు.

పాలమూరు చెక్కపని:
అన్నా, మీ అనుభవాన్ని కాదనను. కానీ చెక్కకూ ఎపాక్సీకీ పడదు అన్నట్టు మాట్లాడటం సరికాదు. అమెరికాలోని మిచిగన్‌లో గౌజన్ సోదరులు 1969 నుంచి చెక్కతో, ఎపాక్సీతో పడవలు కడుతూ వచ్చారు. అవి పోటీల్లో పరుగెత్తిన పడవలు. అక్కడ పనికొచ్చింది ఇక్కడ ఎందుకు పనికిరాదు?

దేవరకొండ వడ్రంగి:
పడదని నేను అనలేదు అన్నా. మీరు చెప్పిన పడవలు మొదటి రోజు నుంచే అలా కట్టినవి. సన్నటి చెక్క రేకులను పొరలు పొరలుగా అతికిస్తారు. బాగా ఆరిన చెక్క వాడతారు, తేమ 12 శాతానికి మించనివ్వరు. లోపల, బయట, అంచులు, ప్రతి రంధ్రం ఎపాక్సీతో మూసేస్తారు. ఆ చెక్కలోకి తడి దిగదు కాబట్టి అది కదలదు. కొత్త పడవ అలా కడతామంటే నేనే ముందు వస్తాను. బాబాయి పడవ మేకులతో బిగించింది, ఏళ్ల తరబడి నీళ్లు, నూనె, డాంబరు తాగింది. ఆ చెక్కకు ఎపాక్సీ సరిగా పట్టను కూడా పట్టదు. మీ టేబుల్ ఇంట్లో నీడన ఉంటుంది, ఈ పడవ ఆరు నెలలు నీళ్లలో, ఆరు నెలలు ఎండలో ఉంటుంది.

నల్లగొండ కళ:
పడవల గురించి నాకు తెలియదు. రెజిన్‌తో కీచైన్లు, పూలు పెట్టిన పలకలు చేస్తాను కాబట్టి కొన్ని మాటలు చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఎవరూ చేతుల గురించి మాట్లాడటం లేదు. ఎపాక్సీ చర్మానికి పదే పదే తగిలితే అలర్జీ వస్తుంది. ఒకసారి వచ్చిందంటే ఆ మనిషికి ఇక పోదు, తర్వాత కొంచెం తగిలినా దద్దుర్లు లేస్తాయి. చేతికి అంటితే థిన్నర్‌తోనో అసిటోన్‌తోనో తుడవకండి, అది రెజిన్‌ను చర్మంలోకి ఇంకా దింపుతుంది. సబ్బుతో కడగండి. గ్లౌజులు నైట్రైల్‌వి కొనండి. ఆరిన ఎపాక్సీని రుద్దేటప్పుడు మాస్క్ తప్పనిసరి. ఇంకా పూర్తిగా గట్టిపడనిది రుద్దితే ఆ పొడి మరీ చెడ్డది. పిల్లలను దగ్గరికి రానీయకండి.

మన ఎండలో ఇంకో టెన్షన్ కూడా ఉంది. కలిపిన రెజిన్‌ను మగ్గులో అలాగే ఉంచితే అది వేడెక్కి పొగలు కక్కుతుంది, ప్లాస్టిక్ మగ్గు కరిగిపోతుంది.

దేవరకొండ వడ్రంగి:
అక్క చెప్పిన ప్రతి మాటా నిజం. వేడి గురించి ఇంకొంచెం చెబుతాను. సుమారు ప్రతి 10 డిగ్రీలకు ఎపాక్సీ గట్టిపడే సమయం సగానికి పడిపోతుంది. 25 డిగ్రీల దగ్గర అరగంట చేతికి ఆడే రెజిన్, మన మే నెల మధ్యాహ్నం పది నిమిషాలు కూడా ఆడదు. అందుకే కొంచెం కొంచెంగా కలపాలి, కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పోసుకోవాలి, నెమ్మదిగా గట్టిపడే హార్డెనర్ అడిగి కొనాలి. పొద్దున పూయకండి. చెక్క వేడెక్కే కొద్దీ లోపలి గాలి బయటికొచ్చి పూత నిండా బుడగలు లేస్తాయి. ఎండ దిగాక, చెక్క చల్లబడుతున్నప్పుడు పూస్తే అదే రెజిన్‌ను లోపలికి లాక్కుంటుంది.

ఫైబర్ పని చేసేవాళ్లకు పాలిస్టర్ రెజిన్ అలవాటు. అందులో హార్డెనర్ నూటికి ఒకటి రెండు పాళ్లే, తొందరగా గట్టిపడాలంటే కొంచెం ఎక్కువ వేస్తారు. ఎపాక్సీలో ఆ లెక్క కుదరదు. ఇక్కడ హార్డెనర్ రెజిన్‌తో కలిసి పదార్థంలో భాగమవుతుంది. ఒక రకానికి 100కి 10, ఇంకో రకానికి 100కి 50. డబ్బా మీద రాసిన కొలత బరువుదా, పరిమాణందా చూసి, కాటా మీద తూచి కలపండి. ఎక్కువైనా తక్కువైనా ఎన్నాళ్లకూ జిగటగానే ఉంటుంది.

సోమశిల ఒడ్డు:
మరి ఫైబర్ బోటు పగిలితే? మా దగ్గర థర్మాకోల్ తెప్పలు కూడా ఉన్నాయి, వాటికి పైన ఏదైనా గట్టి పూత వేయొచ్చా?

దేవరకొండ వడ్రంగి:
అక్కడ ఎపాక్సీకే నా ఓటు అన్నా. పాత పాలిస్టర్ మీద కొత్త పాలిస్టర్ కంటే ఎపాక్సీ గట్టిగా పట్టుకుంటుంది. పగులు మీద పైపైన ముక్క అతికించవద్దు. పగులు చుట్టూ, బోటు గోడ మందానికి పన్నెండు రెట్ల దూరం దాకా పల్చబడుతూ వచ్చేలా గ్రైండర్‌తో రుద్ది, చిన్న ముక్క నుంచి పెద్ద ముక్క దాకా బట్ట వేస్తూ రావాలి. బట్ట నేసినదే కొనండి. దుకాణంలో చవగ్గా దొరికే పీచు మ్యాట్‌ను కలిపి ఉంచే జిగురు చాలా రకాల్లో పాలిస్టర్‌లోనే కరుగుతుంది, ఎపాక్సీలో కరగదు. ఒకసారి ఎపాక్సీ పూసిన చోట తర్వాత పాలిస్టర్ వేస్తే సరిగా పట్టదు, అది గుర్తుంచుకోండి.

థర్మాకోల్‌కు పాలిస్టర్ తగలనీయకండి, అందులోని స్టైరీన్ అనే ద్రావకానికి కళ్ల ముందే కరిగి గుంట పడుతుంది. ఎపాక్సీ దాన్ని కరిగించదు. పైన లేత రంగు పెయింట్ తప్పకుండా వేయండి. ఎండకు ఎపాక్సీ పసుపెక్కి పొడి రాలుతుంది, నల్ల రంగు వేస్తే మన ఎండకు మెత్తబడేంత కాగుతుంది.

పాలమూరు చెక్కపని:
అడుగు సందుల విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను అన్నా. కానీ ఇంజిన్ బిగించే వెనక పలక, విరిగిన వంపు కర్రలు, తెడ్లు, వీటికి కూడా గుగ్గిలమే అంటే మాత్రం ఒప్పుకోను.

దేవరకొండ వడ్రంగి:
వాటికి ఎపాక్సీయే. అవి అడుగు పలకల్లా ఉబ్బి ఒకదాన్నొకటి నొక్కుకునే చోట్లు కావు. బాగా ఆరబెట్టి, డాంబరు అంటిన పొరంతా చెక్కేసి అతికించండి. వదులైన మేకు రంధ్రాలు వెనక పలకలో ఉంటే అవి కూడా అలాగే పూడ్చి, మళ్లీ రంధ్రం వేసి బోల్టు బిగించండి.

నేరేడుగొమ్ము పోరడు:
అందరికీ చాలా థాంక్స్. బాబాయికి మొత్తం చదివి వినిపించాను. అడుగుకు నూలు, గుగ్గిలం. వెనక పలకకూ రెండు తెడ్లకూ ఎపాక్సీ. గాజుబట్ట కొనడం లేదు. ఒక్క సందేహం ఉంది. నూలు కూరాక కూడా దించిన రోజు నీళ్లు వస్తే?

దేవరకొండ వడ్రంగి:
వస్తాయి తమ్మీ, కంగారు పడొద్దు. నూలు మరీ బిగించి కూరకండి, పలక ఉబ్బడానికి చోటుంచండి. వల వేసుకునే రోజున కాకుండా రెండు రోజుల ముందే ఒడ్డు దగ్గర లోతు తక్కువ నీళ్లలో దించి తాడు కట్టి ఉంచండి. లోపల కూడా నాలుగు బిందెలు పోయండి. పలకలు నీళ్లు తాగి దగ్గరికొస్తాయి, ఊట తగ్గిపోతుంది. అప్పటికీ ఆగని చోటుంటే సుద్దతో గుర్తు పెట్టుకుని, పడవను పైకి లాగి, ఆ ఒక్క సందే విప్పి మళ్లీ కూరండి.