రిమోట్ నొక్కితే లాక్ అయి, వెంటనే తెరుచుకుంటోంది

అందరికీ నమస్కారం. మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా కారుకి తొమ్మిదేళ్లు. రెండు వారాలుగా రిమోట్ నొక్కితే మూడు డోర్లూ టక్కున లాక్ అయి, సెకనులోపే మళ్లీ తెరుచుకుంటున్నాయి. డ్రైవర్ డోర్ నాబ్ సగం దిగి ఆగిపోతోంది. తాళంచెవి తిప్పితే మాత్రం ఆ డోరు బాగానే పడుతోంది.

రిమోట్‌లో సీఆర్ 2032 సెల్ కొత్తది వేశాను, మీటర్‌లో 3 వోల్టుల పైనే ఉంది. ఫ్యూజు బాగుంది. నిన్న డోరుకీ బాడీకీ మధ్య ఉండే నల్ల రబ్బరు గొట్టం వెనక్కి లాగి చూస్తే, ఒక నీలం వైరు తొడుగు పగిలి రాగి పోగులకు చిలుం పట్టి ఉంది. మొన్నటి వానలకు నీళ్లు దిగాయేమో.

మెకానిక్ మాడ్యూల్ (డోర్ లాకులన్నిటినీ నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) మొత్తం మార్చాలంటున్నాడు. నాకు నమ్మకం కుదరడం లేదు. డ్రైవర్ డోర్ యాక్చుయేటర్ (లాక్‌ను కదిపే చిన్న మోటారు) కనెక్టర్ పీకి రిమోట్ నొక్కితే మిగతా మూడూ లాక్‌లోనే నిలబడ్డాయనుకోండి, తప్పు ఆ డోరుదేనని ఖాయం చేసుకోవచ్చా? వైరు సోల్డర్ చేస్తే, డోరు తెరిచి మూసేటప్పుడు అక్కడే మళ్లీ తెగుతుందా? ఇక్కడ కారు విడిభాగాలు అమ్మే జేసీ రోడ్‌లో యాక్చుయేటర్ విడిగా కొన్నవాళ్లుంటే ఎంతయిందో చెప్పండి. రాత్రిళ్లు కారు వీధిలోనే ఉంటుంది, చాలా టెన్షన్‌గా ఉంది.