"నీకు అక్కచెల్లెళ్ళు లేరా?" కాలేజీ పోస్టరు మీద ఈ మాట వేయొచ్చా?

ప్రశ్న: ఇంజినీరింగ్ రెండో సంవత్సరం అబ్బాయిలతో ఆడామగా సమానత్వం మీద సెషన్ ఉంది. పోస్టరు మీద "నీకు అక్కచెల్లెళ్ళు లేరా?" అని వేద్దామంటున్నారు. అందరికీ తెలిసిన మాట, సూటిగా తగులుతుంది. అభ్యంతరం ఉందా?

జవాబు: ఉందండి, గట్టిదే. ఈ "లేరా" తెలుసుకోవడానికి అడిగేది కాదు, నిలదీసేది. బస్సులో ఒకడు వెకిలివేషాలు వేస్తుంటే అక్కడికక్కడ అనడానికి పనికొస్తుంది. గోడకెక్కిస్తే మాత్రం చదివే ప్రతి అబ్బాయీ ముద్దాయే. చాలామంది గదిలోకే రారు.

అసలు చిక్కు వరసలో ఉంది. మన చుట్టరికాల్లో అక్కచెల్లెలి వరస వేరు, మరదలి వరస వేరు. మొదటివాళ్ళతో మర్యాద, రెండోవాళ్ళతో వేళాకోళం, సరసం చెల్లుబాటు. "అక్కచెల్లెళ్ళు లేరా" అన్నామంటే మర్యాదకు వరసే ఆధారమని మనమే ఒప్పుకున్నట్టు. "ఆ అమ్మాయి నాకు చెల్లి కాదు కదా" అనే జవాబు అందులోనే ఉంది. పక్కబెంచీ అమ్మాయి ఎవరికీ ఏ వరసా కానక్కర్లేదు.

మరో జవాబు: దీనికి ఒక చేర్పు. ఇంట్లో చెల్లెలి ఫోను తీసి చూసేదీ, "ఈ డ్రెస్సులో వెళ్తావా?" అని ఆపేదీ చాలాచోట్ల అన్నయ్యే. అతని దృష్టిలో అది ప్రేమ. చెల్లెల్లా చూడమంటే క్లాసులోనూ అదే కాపలా మొదలవుతుంది. అందుకే "కాపాడండి", "రక్షించండి" కూడా వద్దు. భద్రత పేరు చెప్పి, అబ్బాయిల హాస్టళ్ళకు లేని ఆంక్షలు అమ్మాయిల హాస్టళ్ళకు పెట్టకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2015 నిబంధనల్లోనే ఉంది. ఏ హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తున్నారు, ఆ తర్వాత లైబ్రరీ ఎవరికి అందుతోంది, అబ్బాయిల చేతే లెక్క వేయించండి.

అడిగినవారు: మరి ఏం వేయమంటారు? ఇచ్చింది ఒక్క పూటే.

జవాబు: ఒక్క పూటకు ఒప్పుకోకండి. హాలు నిండా జనానికి ఉపన్యాసమిస్తే చప్పట్లతో సరి. 20, 25 మంది చొప్పున, గంటన్నర, వారానికోసారి, కనీసం నాలుగు వారాలు అడగండి. మొదటి రెండూ అబ్బాయిలతోనే. అమ్మాయిల ముందు నోరు విప్పరు, విప్పినా గొప్పలకు పోతారు. తర్వాతవి కలిపి పెట్టాలి. నడిపేవాళ్ళలో ఒక మగ అధ్యాపకుడుండాలి, వాళ్ళ ఇంటర్నల్ మార్కులు మాత్రం ఆయన చేతిలో ఉండకూడదు.

పోస్టరుకు ఇది చూడండి: "గ్రూపులో క్లాస్‌మేట్ ఫోటో పడింది. కింద కామెంట్లు మొదలయ్యాయి. నువ్వేం టైప్ చేస్తావ్?"

సెషన్లో ఇదే సాధన చేయించండి. "రేయ్, డిలీట్ కొట్టు" అని గ్రూపులో ఒక్క ముక్క చాలు. పెట్టినవాడితో విడిగా మాట్లాడాలి. అందరి ముందూ దులిపేస్తే పంతానికి పోతాడు. సాక్ష్యమని ఆ ఫోటోను ఇంకో నలుగురికి పంపకూడదు. ఏం చేయాలన్నా ముందు ఆ అమ్మాయిని అడగాలి. ఆమెకు చెప్పకుండా కొట్లాటకు దిగితే విషయం ఊరంతా పాకుతుంది, ఇంట్లోవాళ్ళు చదువే మాన్పించొచ్చు. ఫిర్యాదు చేయాలనుకుంటే, కాలేజీలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే అంతర్గత ఫిర్యాదుల కమిటీకి, ఘటన జరిగిన మూడు నెలల్లోపు మామూలుగా ఇవ్వాలి. విద్యార్థుల కేసులైతే ఆ కమిటీలో ముగ్గురు విద్యార్థి సభ్యులుంటారు, వాళ్ళను ఎన్నుకోవాలి. కమిటీలో సగానికి తగ్గకుండా స్త్రీలుండాలన్నది నియమం. అబ్బాయిలు పోటీ చేయకూడదని ఎక్కడా లేదు. ఇది చాలామందికి తెలియదు.

మరో జవాబు: "నువ్వేం టైప్ చేస్తావ్" బాగుంది. "మీరు" అని మార్చకండి, సర్క్యులర్ అయిపోతుంది. తెలంగాణ కాలేజీ అయితే "ఏం టైప్ జేస్తవ్" అనే వేయండి. మాటల కోసం తడుముకోనక్కర్లేదు. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థుల జెండర్ పాఠానికి తెలుగు అకాడమీ 2015లో వేసిన ద్విభాషా పుస్తకం ఉంది.

వేధింపు ఒక్కటే కాకుండా రెండో పోస్టరు ల్యాబ్ తలుపుకు పెట్టండి: "రికార్డు రాసేదెవరు? మీటరు పట్టేదెవరు?" నలుగురి బ్యాచ్‌లో కనెక్షన్లు, రీడింగులు, లెక్కలు, రాత అని నాలుగు పనులు. రోల్ నంబరు వరసన వారం వారం మారేలా పట్టిక దాని కిందే అంటించండి. ఇష్టానికి వదిలేస్తే రెండో వారానికే "నీ చేతిరాత బాగుంటుంది" అంటూ రాత పని మళ్ళీ అమ్మాయికే పోతుంది.