పొట్టకు ట్యూబ్ పెట్టినా న్యుమోనియా ఆగట్లేదు. గొంతును వేరుచేసే ఆపరేషన్ చేయించాలా?

రాత్రిడ్యూటీ: స్ట్రోక్ తర్వాత నాన్నకు మింగడం పోయింది. పొట్టకు పెగ్ ట్యూబ్ పెట్టించాం. అయినా న్యుమోనియా తిరగబెడుతోంది. శ్వాసనాళాన్ని గొంతు నుంచి వేరుచేసే ఆపరేషన్ ఉందని సర్జన్ చెప్పారు. మాట పోతుందట. మీరేమంటారు?

కంఠం: నోట్లో ఏమీ పెట్టనప్పుడు ఊపిరితిత్తుల్లోకి ఏం పోతుందండీ? వద్దు.

మొండిఘటం: ఉమ్మి పోతుంది. పొట్టలోది పైకి తన్నినా పోతుంది. పెగ్ ఆ రెండింటినీ ఆపదు.

కంఠం: దానికి ట్రాకియాస్టమీ, అంటే మెడ ముందు రంధ్రం చేసి శ్వాసనాళంలోకి గొట్టం పెట్టి, దాని చుట్టూ ఉండే బుడగ లాంటి కఫ్ ఊదితే చాలు.

మొండిఘటం: చాలదు. కఫ్ పక్కల నుంచి ఉమ్మి కిందికి జారుతుంది. పైగా ఆ గొట్టం వల్ల కొందరికి మింగేటప్పుడు స్వరపేటిక సరిగా పైకి లేవదు.

కంఠం: మా అత్తయ్యకు కఫ్ ఉంది. జ్వరమే రాలేదు.

చిన్నమాట: స్వరతంత్రి ఒకవైపే పడిపోయిందేమో చూపించారా? అలాగైతే ఇంజెక్షన్‌తోనో థైరోప్లాస్టీ అనే స్వరపేటిక ఆపరేషన్‌తోనో దాన్ని మధ్యకు జరుపుతారు. ఉమ్మి ఎక్కువైతే లాలాజల గ్రంథులకు బోటాక్స్ కూడా ఇస్తారు.

రాత్రిడ్యూటీ: ఎండోస్కోపీ అయింది. రెండువైపులా బలహీనమే. బోటాక్స్ కొన్నాళ్లే పనిచేసింది.

మొండిఘటం: అయితే మిగిలింది ఇదే. శ్వాసనాళాన్ని అడ్డంగా కోసి, కింది భాగాన్ని మెడ ముందుకు తెరుస్తారు. పై భాగాన్ని మూసేస్తారు, లేదా అన్నవాహికకు కలుపుతారు. ఇక ఉమ్మికి ఊపిరితిత్తుల్లోకి దారే ఉండదు. కొందరు మళ్లీ నోటితో తింటారు కూడా. స్వరపేటికను తీసేయరు కాబట్టి తిరిగి కలపొచ్చు. 1975లో లిండెమన్ అనే సర్జన్ దీన్ని ప్రతిపాదించిందే అలా. నిజంగా కలిపించుకున్నవాళ్లు కొద్దిమందే అనుకోండి.

కంఠం: ఆ ఆఖరి ముక్క గొణిగి వదిలేశారేం? మా అన్నయ్యకు మోటార్ న్యూరాన్ జబ్బు. "తర్వాత కలపొచ్చు" అని చెప్పి మా వదిన చేత సంతకం పెట్టించారు. జబ్బు ముదిరేదే తప్ప తగ్గేది కాదు, ఎప్పుడు కలుపుతారు?

మొండిఘటం: న్యుమోనియా ఆగిందా లేదా?

కంఠం: ఆగింది! అప్పటికి వాడు మాట్లాడుతున్నాడండీ. వాణ్ణి ఒక్కరూ అడగలేదు. నేను వద్దంటే "చాకిరీ చేసేది నువ్వా" అన్నారు.

చిన్నమాట: అంటే మీ గొడవ ఆపరేషన్‌తో కాదు.

మొండిఘటం: చాకిరీ చేసేవాళ్ల మాట లెక్కలోకి రాదా మరి? రాత్రంతా సక్షన్ గొట్టం పెట్టి ఉమ్మి, కఫం లాగేది వాళ్లే.

కంఠం: వస్తుంది. రోగి మాట మొదటిది, వాళ్లది రెండోది.

రాత్రిడ్యూటీ: నాన్న ఒకటి రెండు మాటలంటారు. చెప్పింది అర్థమవుతుంది. ఆయన్ని ఎలా అడగాలి?

చిన్నమాట: స్పీచ్ థెరపిస్టును కూర్చోబెట్టండి. అవును, కాదు కార్డులు చాలు. అదే ప్రశ్న తిప్పి కూడా అడగాలి, మరుసటి రోజు ఇంకోసారి అడగాలి.

మొండిఘటం: అడగండి. కఫ్ గురించి మాత్రం నేను చెప్పిందే రైటు.